ఎర్రదారం చెప్పని గడియ

గట్టుసీమ అనే కొండరాజ్యంలో ఆరు నెలలుగా ఎవరికీ నిద్ర లేదు. నిద్ర తగ్గడం కాదు పిల్లలూ, అసలు రాకపోవడం. రాజు శైలకేతుడు హంసతూలికా తల్పం మీద కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. కావలివాళ్ళు కోటగోడకు ఆనుకుని, ఎదురుగా వచ్చేది మనిషో మేకో తేల్చుకోలేక ఇద్దరికీ దండం పెట్టేవాళ్ళు. వంటవాళ్ళు ఉప్పు వేశామో లేదో గుర్తురాక మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడంటారు కదా. పొద్దున కోటగుమ్మంలో ఒకడు ఆవులిస్తే, ఆ ఆవులింత వీధివీధీ తిరిగి మధ్యాహ్నానికి పొలిమేర చేరేది. ఆవులింతలకేం, కావలసినన్ని ఉన్నాయి. వాటి వెనకాల రావలసినదే రావడం లేదు.

దీనికంతటికీ కారణం గురకాసురుడనే రాక్షసుడు. వాడు కనుమ కింది లోయలో ఎన్నో తరాలుగా తన మానాన తాను నిద్రపోతూ ఉండేవాడు. శైలకేతుడు ఆ కనుమ మీదుగా కొత్తబాట వేయించి, మోతబంటులు కనుమ దాటినప్పుడల్లా కొట్టమని అక్కడ ఒక పెద్ద నగారా పెట్టించాడు. మొదటి దెబ్బకు రాక్షసుడు కదిలాడు, రెండో దెబ్బకు లేచి కూర్చున్నాడు. "నా నిద్ర చెడగొట్టినవాళ్ళకు నిద్ర దేనికి?" అని, రాజ్యంలో ఉన్న నిద్రనంతా ఊడ్చి ఒక రాగిబిందెలో పోసుకుని ఎటో వెళ్ళిపోయాడు.

ఆ కనుమ మీదుగా బరువులు మోసే మోతబంటుల ఇంటి పిల్ల నాంచారి. వయసు పదహారు. భుజాన కావడి పెట్టుకుని పుట్టిందని ఆమెను అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె అక్క పైడమ్మకు రెండు నెలల కిందట ఆడపిల్ల పుట్టింది. నిద్ర దొంగిలించబడ్డ రాజ్యంలో పుట్టిన ఆ పసిగుడ్డు పుట్టినప్పటినుంచీ ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. మొదట్లో గుక్కపట్టి ఏడ్చేది. ఇప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేక ఇంటికప్పు వైపు చూస్తూ పడి ఉంటోంది. పెద్దవాళ్ళం ఎలాగో ఈడ్చుకొస్తాం గానీ ఈ బిడ్డ ఇంకో నెల గట్టెక్కదని మంత్రసాని తేల్చి చెప్పేసింది. ఆ మాట విన్నప్పటినుంచి నాంచారికి బిడ్డ మొహం చూడాలంటే భయంగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక మౌని రాజసభకు వచ్చి, ఒక గుడ్డను రాజు చేతిలో పెట్టి, ఆకాశం వైపు ఒకసారి, బిందె ఆకారంలో ఒకసారి చేతులు తిప్పి, దీవించి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడి ముప్పై ఏళ్ళయిందట. గుడ్డ నిండా సన్నని నల్లదారంతో గళ్ళు కుట్టి ఉన్నాయి. గళ్ళ మీదుగా ఒక ఎర్రదారం గీత. ఎడమ అంచున రెండో గడి ఎత్తులో ఒక నిండు ముడితో మొదలై, ఆరో గడి ఎత్తుకు ఎక్కి, మెల్లగా ఒకటో గడికి దిగి, మళ్ళీ మూడుకు ఎక్కి, రెండుకు దిగి, చివరికి ఎనిమిదో గడి ఎత్తుకు ఎగబాకి ఒక ఖాళీ సున్న దగ్గర ఆగిపోయింది.

ఆ గుడ్డను చూడగానే గట్టుసీమవాళ్ళకు ప్రాణం లేచివచ్చింది. మోతబంటులు తమ దారులను సరిగ్గా అలాగే గీసుకుంటారు. గీత పైకి పోతే ఎక్కుడు, కిందికి వస్తే దిగుడు. ముడి అంటే బయలుదేరే ఊరు, సున్న అంటే ఆగి అలుపు తీర్చుకునే గుహ. ఆ రాజ్యంలో చంటిపిల్లలకు కూడా అది తెలుసు. ఇంకేం, రాక్షసుడి గుహకు దారి దొరికిందన్నారు. ఆ గీతకు అచ్చంగా సరిపోయే కొండ కూడా ఒకటి ఉంది. ఒక పెద్ద మూపు, ఒక చిన్న మూపు, చివర నిట్టనిలువు చరియ. యువరాజు అక్కడికి వెళ్ళి కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. సేనాపతి వెళ్ళి ఏమీ దొరక్క వచ్చాడు. ఆ తరువాత వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారో దారిలో మరిచిపోయి వచ్చారు.

చివరికి నాంచారి రాజును అడిగి గుడ్డ తీసుకుంది.

"నువ్వు కూడా పోతే నాకెవరున్నారే?" అంది పైడమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అంత సత్తువ లేదు.

"ఇక్కడుండి బిడ్డను చూస్తూ కూర్చోలేనక్కా. నడిచి నడిచి పడిపోతే ఏదో ఒకటి చేశాననైనా అనిపిస్తుంది," అంది నాంచారి. కావడి భుజాన వేసుకుని బయలుదేరింది.

నిద్రలేని మనిషికి కొండ రెండింతలవుతుంది. నాంచారికి అడుగు తీసి అడుగు వేస్తుంటే కాళ్ళు తనవి కావనిపించింది. పెద్ద మూపు ఎక్కింది, దిగింది. చిన్న మూపు ఎక్కింది, దిగింది. చివరి చరియ మీదికి వేళ్ళతో పాకుతూ చేరేసరికి చేతులు కొట్టుకుపోయి రక్తం కారుతున్నాయి. తీరా చూస్తే అక్కడ గుహా లేదు, రాక్షసుడూ లేడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఈమెకు ఎలుక కూడా దొరకలేదు. ఒక బండ పగులులోనుంచి ముసలి ఉడుము ఒకటి తల బయటపెట్టింది.

"నువ్వు కూడానా తల్లీ," అంది ఉడుము విసుగ్గా. "ఆ గుడ్డ పట్టుకుని వచ్చినవాళ్ళంతా నా కన్నం ముందు నిలబడి బూతులు తిట్టి పోతున్నారు. నేనేం చేశాను?"

నాంచారి కూలబడింది. తిట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. "తిట్టనులే తాతా. ఇక్కడ గుహ ఉండాలి. ఎందుకు లేదో నీకేమైనా తెలుసా?"

ఉడుము పూర్తిగా బయటికి వచ్చింది. "అడిగినదానివి నువ్వొక్కదానివే. ఆ గుడ్డ ఇటు తే." నాలుక చాచి గుడ్డ అంచును తాకింది. "చేపల వాసన. ఈ కొండమీద చేపలు పట్టేవాళ్ళెవరున్నారే? ఈ గుడ్డ పుట్టింది నీళ్ళ దగ్గర. తూర్పున అడవి దాటితే పెద్దమడుగు ఉంది. కుట్టినవాళ్ళను వదిలి మీరంతా గీతను పట్టుకుని వేలాడుతున్నారు."

నాంచారికి ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళ నడక, ఇంతమంది నడక, అంతా వృథా. కానీ ఏడిస్తే కళ్ళమంట తప్ప ఒరిగేదేమీ లేదని కొండ దిగి తూర్పుకు నడిచింది.

అడవిలో ఆమె చెట్లకు దారి ఇమ్మని చెప్పింది. రాళ్ళతో క్షేమసమాచారాలు మాట్లాడింది. ఎలా దాటిందో ఆమెకే తెలియకుండా ఒక పొద్దుటిపూట పెద్దమడుగు ఒడ్డున తేలింది. ఆ ఒడ్డున ఒక గుడిసె, ముందు ఆరేసిన వల, వల పక్కన ఒక ముసలి జాలరి అవ్వ. పేరు అంకాలు. ఆమె గుడ్డను చూడగానే సూది పక్కన పెట్టి లేచింది.

"ఇన్నాళ్ళకా రావడం? ఆ సన్నాసికి అన్నీ విడమరిచి చెప్పి పంపానే. చెప్పలేదా?"

"ఆయన మాట్లాడడవ్వా. మౌనవ్రతం."

అంకాలవ్వ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నానేటి చెప్పినా తలూపుతుంటే బుద్ధిమంతుడనుకున్నాను."

నాంచారి కొండమీద జరిగినదంతా చెప్పింది. అవ్వ నవ్వుదామనుకుని పిల్ల మొహం చూసి మానుకుంది. గంజి తాగించి, గుడ్డను ఇసుకమీద పరిచింది.

"ఇందులో కొండ ఎక్కడుందే? ఇది నీళ్ళ బొమ్మ. అదిగో, ఆ గట్టు కిందున్న సొరంగంలో చివరాకరి ఎత్తైన బండమీద గురకాసురుడు బిందె తలకింద పెట్టుకుని పడుకుంటాడు. రోజూ పొద్దు పొడిచాక తల వాలుస్తాడు. వాడు ఊపిరి పీలిస్తే మడుగు నీళ్ళు సొరంగంలోకి పోతాయి, వదిలితే బయటికొస్తాయి. కింద అడ్డంగా ఉన్న గళ్ళు దారి కాదు, పొద్దు. ఒక్కో గడి ఒక్కో గడియ. పైకున్న గళ్ళు సొరంగంలో నీళ్ళ లోతు. ఒక్కో గడి ఒక్కో మూర. మూరంటే నీకు మోకాలు, రెండు మూరలు నడుము, మూడు మూరలు గొంతు. ఆ పైన ఇంకేటుంది, నీ తల మీద నీళ్ళు. అయిదో గడియకి ఎంతో చెప్పు చూద్దాం."

నాంచారి కళ్ళకు గీతలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూసుకుని, కింది అంచున అయిదో గడి దగ్గర వేలు పెట్టింది. ఎర్రదారం తగిలేదాకా నిలువుగా వేలును పైకి జరిపింది. అక్కడినుంచి అడ్డంగా ఎడమ అంచుకు జరిపింది. "మూడు మూరలు."

"అంతే. ఏ గడియ అడిగినా అలాగే చూడు. ఒక గడియకి ఒకటే లోతు. అదే గడియలో నీళ్ళు మోకాటి దాకానూ ఉండి గొంతు దాకానూ ఉండవు కదా."

"మరి నడుము లోతు ఎప్పుడుంటుందవ్వా?" ఈసారి నాంచారి ఎడమ అంచున రెండో మూర దగ్గర వేలు పెట్టి కుడివైపుకు లాగింది. ఎర్రదారం మొదట్లోనే ఒకసారి తగిలింది. ఆరో గడియ దగ్గర తగిలింది, ఎనిమిది దగ్గర తగిలింది, పది దగ్గర మళ్ళీ తగిలింది. "ఇదేంటి, నాలుగు జవాబులు."

"వెనకనుంచి అడిగితే అంతే. గడియ చెప్తే లోతు ఒకటే. లోతు చెప్తే గడియ ఏదో అదొక్కటే చెప్పదు. అది మరిచిపోయావంటే మునిగిపోతావు."

మొదటి ముడి రాక్షసుడు తల వాల్చే గడియ అనీ, అప్పుడు నీళ్ళు కచ్చితంగా రెండు మూరలనీ అవ్వ చెప్పింది. నీళ్ళు అన్నిటికన్నా తగ్గేది ఏడో గడియకు, అప్పుడు కూడా మూరెడు ఉంటాయి. సొరంగం ఎప్పుడూ పూర్తిగా ఎండదు. పది దాటాక మాత్రం గడియకు మూడు మూరల చొప్పున పైకి తన్నుకొస్తాయి.

"మరి ఈ సున్న?" అంది నాంచారి.

"అది పన్నెండో గడియ. వాడు లేచే గడియ. నీళ్ళు ఎనిమిదిని తాకబోతుండగా నాను పరిగెత్తి గట్టెక్కేస్తాను. ఆ గడియకి నానెప్పుడూ ఇక్కడ లేను. కళ్ళారా చూస్తే ముడి వేద్దును. చూడంది ఎలా కుడతానే? అందుకే ఖాళీగా వదిలేశాను. వాడు తల వాల్చకముందూ గీత లేదు, లేచాకా గీత లేదు. మధ్యలో పొద్దుకే నా దారం పూచీ."

మర్నాడు పొద్దు పొడిచింది. గట్టు కిందనుంచి మొదటి గురక వినబడగానే అంకాలవ్వ అడుగున సన్నని రంధ్రమున్న కొబ్బరిచిప్పను నీళ్ళకుండలో తేల్చింది. ఆ చిప్ప నిండి మునిగితే ఒక గడియ గడిచినట్టు. చిప్ప ఆరోసారి మునగగానే నాంచారి ఆ కుండను కావడికి ఒకవైపు కట్టుకుని, రెండోవైపు బిందె కోసం ఖాళీగా వదిలి, సొరంగంలోకి దిగింది. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. అవ్వ దారం నిజమే చెప్పిందని ఆమెకు గుండె కుదుటపడింది.

పది బారలు నడిచిందో లేదో, నీళ్ళలో రెండు కళ్ళు తేలాయి. అదొక మొసలి. దాని వీపు నిండా పాచి.

"నీళ్ళు తెలిసినవాళ్ళను నేను తినను," అంది మొసలి. దాని గొంతు నీరసంగా ఉంది. "తెలియనివాళ్ళను వదలను. నువ్వు ఏ రకం?"

"ఆరో గడియ దాటింది. ఇప్పుడు నడుము లోతు. కాసేపట్లో ఏడో గడియకు మోకాటి లోతు అవుతుంది," అంది నాంచారి.

మొసలి దగ్గరకు వచ్చింది. ఆమె పారిపోదామనుకుంది గానీ కాళ్ళు కదల్లేదు. అది భయమో అలసటో ఆమెకు తేడా తెలియలేదు.

"అయితే ఒక మాట చెప్పు," అంది మొసలి. "రోజూ నీళ్ళు అలా తగ్గిపోతుంటే నాకు గుండెలు జారిపోతాయి. నేను కన్ను మూస్తే పూర్తిగా ఎండిపోతుందేమో, బురదలో దొరికిపోతానేమోనని దిగులు. వాడు నా నిద్రను తీసుకుపోలేదు. ఈ దిగులు తీసుకుపోయింది. ఎండే గడియ ఒకటుందా?"

నాంచారి గుడ్డ తీసి, ఎర్రదారం పొడవునా వేలు నడిపించింది. తొందరపడలేదు. ఇతరుల నిద్ర సంగతి కదా. "లేదు. ముడి దగ్గరనుంచి సున్న దాకా ఎక్కడా మూరకన్నా తగ్గదు. నీ వీపు మునగడానికి ఎంత కావాలి?"

"మూరెడు చాలు."

"అయితే పడుకో. కానీ ఒకటి. వాడు లేచాక ఏమవుతుందో ఈ గుడ్డకు తెలియదు, నాకూ తెలియదు. తెలుసని అబద్ధం చెప్పను."

మొసలి పెద్దగా నిట్టూర్చి పక్కకు తప్పుకుంది. "ఆ ఒక్కమాట చెప్పావు గనక మిగతావి నమ్ముతాను," అని అక్కడికక్కడే కళ్ళు మూసుకుంది. నాంచారికి దానిమీద అసూయ కలిగింది.

సొరంగం చివర బండకు మెట్లు తొలిచి ఉన్నాయి. పైన గురకాసురుడు కొండచిలువలాంటి జడలు వేలాడేసుకుని గురకపెడుతున్నాడు. తలకింద రాగిబిందె. బిందె మూతకు కట్టిన గుడ్డ సందులోనుంచి సన్నగా నిద్ర కారుతోంది. నాంచారి మెట్లెక్కుతుంటే అందులోనుంచి ఒక వెచ్చని తీగ పాకుతూ వచ్చి ఆమె కనురెప్పలను తాకింది. ఆరు నెలలుగా దూరమైన ఆమె నిద్రే అది. యజమానిని గుర్తుపట్టింది. "ఒక్క నిమిషం," అనుకుని నాంచారి మెట్టుమీద కూర్చుంది. అలా అనుకున్నవాళ్ళెవరైనా ఒక్క నిమిషంలో లేచారా?

చల్లని నీళ్ళు పాదాలకు తగిలి ఆమెకు మెలకువ వచ్చింది. పక్కన కుండలో చిప్ప మునిగి ఉంది. ఎంతసేపైందో తెలియదు.

పాదాలు ఆనిన మెట్టు సొరంగం నేలనుంచి సరిగ్గా ఆమె గొంతు ఎత్తున ఉంది. అంటే నీళ్ళు మూడు మూరలు. గుడ్డ విప్పి, మూడో మూర దగ్గర వేలు పెట్టి అడ్డంగా లాగింది. మొదట్లో ఒకచోట, అయిదు దగ్గర ఒకచోట తగిలింది. ఆ రెండూ తాను లోపలికి రాకముందువి. తరువాత తొమ్మిది దగ్గర తగిలింది. పది దాటాక మళ్ళీ తగిలింది. ఈ రెండింటిలో ఏది? తొమ్మిదైతే నీళ్ళు ఇక తగ్గుతాయి, బయటపడడానికి వ్యవధి ఉంది. పది దాటిందంటే క్షణక్షణానికీ పైకి తన్నుకొస్తాయి. లోతు ఒకటే, బతుకు వేరు.

ఆమె గోటితో గోడ పాచిమీద నీటి అంచున గీత గీసి, ఊపిరి బిగబట్టి చూసింది. నీళ్ళు గీత మీదకు వచ్చినట్టే వచ్చి ఆగాయి. తరువాత మెల్లగా గీత కిందికి జారాయి. తొమ్మిదో గడియ. నాంచారికి దుఃఖమూ నవ్వూ కలిసి వచ్చాయి.

వెంటనే మెట్లెక్కి, తన కండువాను చుట్టకుదురులా చుట్టి, రాక్షసుడి తలకింద దూర్చి బిందెను లాగింది. వాడు పక్కకు ఒత్తిగిల్లి మళ్ళీ గురకపెట్టాడు. బిందెను కావడిలో పెట్టుకుని నాలుగు మెట్లు దిగేసరికి ఆమె కనురెప్పలు వాలిపోయాయి. బిందె పక్కనుంటే ఆమె నిద్ర ఊరుకోవడం లేదు. ఇలా నీళ్ళలో దిగితే సగంలో పడుకుంటుంది. ఒకవేళ గట్టెక్కినా గట్టుసీమ చేరడానికి ఎన్నాళ్ళో. ఆ బిడ్డకు అన్నాళ్ళు లేవు.

కింద నీళ్ళు నడుము లోతుకు దిగుతున్నాయి. పోవాలంటే ఇప్పుడే పోవాలి. బిందెను వదిలేసి పోతే తాను బతుకుతుంది. నాంచారి ఒకసారి సొరంగం వైపు చూసింది. పోవాలనే అనిపించింది, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. కానీ ఆమె వెనక్కి మెట్లెక్కి, బండమీద కూర్చుని, బిందె మూతకున్న చిక్కుముడులు విప్పడం మొదలుపెట్టింది.

ముడులు విప్పేసరికి పది దాటిపోయింది. నీళ్ళు మెట్లమీదికి దూకుతున్నాయి. ఆమె మూత తీసింది. నిద్రలు పొలోమని బయటికి వచ్చాయి. రాజుగారి లావుపాటి నిద్ర, కావలివాళ్ళ నిలువు నిద్రలు, మేకల పిడికెడు నిద్రలు, అన్నీ కాచిన పాల వాసనతో ఆమె చెంపలను రాసుకుంటూ సొరంగం పైకప్పు చీలికలోనుంచి గట్టుసీమ వైపు ఎగిరిపోయాయి. వాటి వెనకాల అన్నిటికన్నా చిన్నది ఒకటి తడబడుతూ లేచింది. పుట్టకముందే వాడు ఊడ్చుకుపోయినది, ఒక్కసారి కూడా వాడనిది. దారి తెలియక ఆమె చేతిచుట్టూ తిరిగింది.

"నీది పడమటి వీధిలో మూడో ఇల్లు," అని చెప్పింది నాంచారి. "మీ అమ్మ పైడమ్మ. వెళ్ళు తల్లీ, త్వరగా వెళ్ళు." అది వెళ్ళాక ఆమె మోకాళ్ళమీద తల పెట్టుకుని ఏడ్చింది.

తరువాత చేయవలసింది ఏమీ లేదు. నీళ్ళు ఆరు మూరలు, ఏడు మూరలు. పోయే దారి లేదు. ఎర్రదారం ఆగిపోయిన చోటికి ఆమె వెళుతోంది, అక్కడ ఏముందో చెప్పేవాళ్ళెవరూ లేరు. నీళ్ళు ఎనిమిదో మూరను తాకబోయాయి. గురక ఆగింది. అవి ఎనిమిదిని తాకనే లేదు, ఒక్కసారిగా కిందికి జారి నాలుగు మూరల దగ్గర నిలిచిపోయాయి. గురకాసురుడు కళ్ళు తెరిచాడు.

"ఎవరే నువ్వు? బిందె ఖాళీ చేసింది నువ్వేనా?"

"నేనే."

"మరి పారిపోలేదేం?"

"ఎక్కడికని పారిపోను? నువ్వు మళ్ళీ వచ్చి ఊడ్చుకుపోతావు. మా అక్క కూతురికి రెండు నెలలు. దానికి నిద్రంటే ఏమిటో తెలియదు. దాని నిద్ర మళ్ళీ తీసుకుపోయేకన్నా నన్ను తిను," అంది నాంచారి. ధైర్యంతో కాదు, ఇంకేమీ దాచుకునే ఓపిక లేక.

రాక్షసుడు ఆమెను తినలేదు. మొహం రుద్దుకున్నాడు. వాడి కళ్ళకింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. "నేను మాత్రం సుఖపడ్డాననుకున్నావా? మీ మనుషుల నిద్రలు ఎన్ని కలిపినా పన్నెండు గడియలకు మించి రావు. రోజూ లేవడం, రోజూ తలనొప్పి. నాకు నూరేళ్ళ నిద్ర ఉండేది. మీ నగారా దెబ్బకు అదెటు పోయిందో దొరకలేదు."

నాంచారి బిందెను వాడి ముందుకు వంచింది. "అడుగున ఏదో అంటుకుని ఉంది. నల్లగా, మందంగా. మావాళ్ళది కాదు. ఎవరిదో నాకు తెలియక వదిలేశాను."

గురకాసురుడు లోపలికి తొంగి చూశాడు. తన నిద్ర తన బిందెలోనే ఉంది. దానిమీద లోకుల నిద్ర పోసి తానే కప్పేసుకున్నాడు.

"నేను నిద్రపోతాను," అన్నాడు చివరికి. "కానీ ఆ నగారా మళ్ళీ మోగితే?"

"మోగదు. ఆ నగారా కొట్టేది మేమే. మా మోతబంటులు పాతబాటనే పోతారు."

"మాట ఇవ్వడానికి నువ్వెవరివి? రాణివా?"

"మోతదాన్ని. ఒకసారి ఎత్తుకున్న బరువును మేము దారిలో దించం."

వాడికి ఆ మాట నచ్చిందో, ఆవులింత ఆగలేదో గానీ, బిందెలో చెయ్యి పెట్టి తన నిద్రను గీరి తీసుకుని మీద కప్పుకున్నాడు. ఆ ఆవులింతకు సొరంగం గోడలు అదిరాయి. ఆ తరువాత నీళ్ళు కదల్లేదు. మొసలి లేచి, ఒక్కమాటైనా అడగకుండా ఆమెను వీపుమీద ఎక్కించుకుని బయట దింపింది.

ఒడ్డున అంకాలవ్వ గట్టెక్కకుండా నిలబడి ఉంది. "పన్నెండుకి నీళ్ళెంతే?" అన్నది ఆమె మొదటి మాట.

"నాలుగు మూరలవ్వా. ఎనిమిదిని తాకలేదు."

అవ్వ సూదికి ఎర్రదారం ఎక్కించి, సున్నను సున్నలాగే ఉంచి, దాని తిన్నగా కింద నాలుగో గడి ఎత్తులో ఒక నిండు ముడి వేసింది.

నాంచారి ఎన్ని రోజులు నడిచిందో చెప్పను, ఆమె లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆమె దగ్గర తన నిద్ర ఉంది. అయినా ఇచ్చిన మాట తీర్చేదాకా దాని జోలికి పోలేదు. కనుమ చేరి, నగారామీదే తల పెట్టి నిద్రపోతున్న కాపలావాణ్ణి మెల్లగా పక్కకు జరిపి, నగారా తోలు కోసేసింది. లోయ దిగి ఊళ్ళోకి వచ్చింది. పట్టపగలు ఊరంతా నిద్ర. జనం లేచి నాలుగు ముద్దలు తిని మళ్ళీ పడుకుంటున్నారట. ఆరు నెలల బాకీ మరి. స్వాగతం చెప్పడానికి ఎవరూ లేరు. కోటగుమ్మంలో ఒక కావలివాడు, ఒక మేక ఒకరిమీద ఒకరు ఒరిగి పడుకున్నారు.

ఇంటి తలుపు చేరవేసి ఉంది. లోపల నిశ్శబ్దం. నాంచారికి అడుగు పడలేదు. ఆలస్యమైపోయిందేమోనని భయపడింది. తలుపు నెట్టింది, అది కిర్రుమంది.

"మెల్లగా," అంది పైడమ్మ గుసగుసగా. ఒళ్ళో బిడ్డ నోరు కొంచెం తెరిచి, పిడికిళ్ళు వదిలేసి పడుకుని ఉంది. "ఇప్పుడే పడుకుందే. లేపకు."

నాంచారి అక్క పక్కన నేలమీద వాలి, కావడి భుజంమీదనుంచి దించకుండానే నిద్రపోయింది.

సాయంత్రం రాజుగారికి మెలకువ వచ్చి, సంగతి తెలిసి, పల్లకీతో మంత్రిని పంపాడు. నాంచారికి అర్ధరాజ్యమిచ్చి దారులన్నిటికీ అధిపతిని చేస్తారని మంత్రి గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆమె నిజంగానే అధిపతి అయింది, చాలాకాలం చల్లగా ఏలింది. కానీ ఆ సాయంత్రం కాదు. ఆ సాయంత్రం పైడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి వేలు పెదవులమీద పెట్టుకుంది.

"రాజ్యం రేపు కూడా ఉంటుంది బాబూ," అంది. "మా చెల్లి పడుకుంది."